ఏడో మంచానికి అయిదూ నలభైకి వచ్చిన చీటీ

ముందే చెప్తున్నాను, నేను దయ్యాలను నమ్మను. ఇది జరగక ముందు నమ్మలేదు, జరిగాక కూడా నమ్మడం లేదు. నమ్మితే నాకు సులువుగా ఉండేది. ఏదో కనపడని చెయ్యి నా బిడ్డను కాపాడిందనుకుని, రతన్‌పూర్ గుడిలో ఒక కొబ్బరికాయ కొట్టించి హాయిగా పడుకునేదాన్ని. మా అత్తగారు ఆ పని చేసి వచ్చారు కూడా. ప్రసాదం నా చేతిలో పెట్టి, "ఇంకేటి, మర్చిపో" అన్నారు.

నేను మర్చిపోలేదు. నాకు కోపంగా ఉంది. ఎనిమిది నెలలయింది, కోపం తగ్గలేదు. మా ఆయన రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరు, ఈ రాత్రి డ్యూటీలో ఉన్నారు. బాబు పడుకున్నాడు. వాడు పడుకునే ముందు రోజూ వెనకనుంచి మెల్లగా పేరు పెట్టి పిలుస్తాను. తిరిగి చూస్తే అన్నం సహిస్తుంది. ఎందుకలా చేస్తానో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నేను బి.ఎస్సీ. చదివాను. పెళ్ళికి ముందు ఒక ఏడాది కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ చదువు వృథా పోకూడదని బిలాస్‌పూర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేరాను. పేరు రాయను. దాని యజమాని డాక్టరు ఎక్కడో వేలంలో ఒక పాత కంప్యూటరు కొన్నాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. దాన్ని నడపడం నా పని.

ఆ మిషన్‌లో ఒక సదుపాయం ఉంది. ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఒక పట్టికలో రాసి పెడితే, మనిషి దగ్గర లేకపోయినా వేళకి అదే చేసుకుపోతుంది. ఒక్కో పనికి ఒక్కో వరుస. వరుస మొదట్లో అయిదు గళ్ళు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. అయిదింటి తరువాత చెయ్యవలసిన పని. గడిలో అంకె బదులు నక్షత్రం గుర్తు పెడితే "ప్రతి" అని అర్థం. ప్రతి రోజూ, ప్రతి నెలా. ఆ అయిదు గళ్ళలో ఎప్పుడు చెయ్యాలో చెప్పవచ్చు. ఎప్పటితో ఆపాలో చెప్పే గడి లేదు. మనిషి వచ్చి వరుస చెరిపేస్తేనే ఆగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా మీకు అర్థమవుతుంది.

డాక్టరు గారికి ఇది చూపించిన తెలివితక్కువదాన్ని నేనే. ప్రింటరును నర్సులకు అందేలా గది బయట వరండాలో పెట్టించి, రోగులకు ఇంజక్షన్ల వేళకి చీటీలు ముద్రించమన్నాడు. చీటీ ఎలా ఉండాలో నేనే తయారు చేశాను. మా నాన్న ఇంజను డ్రైవరు. చిన్నప్పుడు మా క్వార్టర్‌కి కాల్ బుక్ వచ్చేది. డ్యూటీ ఎన్ని గంటలకో అందులో రాసి ఉంటుంది, ఎదురుగా సంతకం పెట్టాలి. కాల్ వస్తే నాన్న తింటున్న కంచం వదిలి లేచేవాడు. ఎందుకని అడగడం ఉండదు. రైల్వే ఇళ్ళల్లో పెరిగిన ఎవరినైనా అడగండి. నా చీటీలు కూడా అలాగే చేశాను. వేళ, మంచం నంబరు, మందు పేరు, "గివ్" అన్న మాట, చివర రోగో, రోగి తాలూకు మనిషో పెట్టే సంతకానికి గీత. మనిషి పేరు పెట్టలేదు. మా రైల్వే కాలనీలో మనుషుల పేర్లకంటే క్వార్టర్ నంబర్లే ఎక్కువ పలుకుతాయి. మంచం నంబరు చాలనుకున్నాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరి మీదికీ తోయను.

మిగతావి నావి కావు. ఇంజక్షను ఆపినప్పుడు, రోగి వెళ్ళిపోయినప్పుడు వార్డునుంచి నాకు కబురు రావాలి. నేను వరుస చెరపాలి. కబుర్లు వచ్చేవి కావు. చీటీ మీద పేరూ ఆపే తేదీ కూడా పెడతాను, రోజూ కేస్ షీటు చూసి సరిచేసే మనిషిని ఒకరిని ఇవ్వండి అని రెండుసార్లు కాయితం రాసి ఇచ్చాను. "మీరు టైపు చూసుకోండి, వైద్యం మేం చూసుకుంటాం" అన్నాడు డాక్టరు. పైగా వచ్చిన వాళ్ళందరికీ మా దగ్గర మందులు కంప్యూటరే చూసుకుంటుంది, పొరపాటన్నది ఉండదు అని చెప్పుకునేవాడు. నర్సులు కేస్ షీట్లు తెరవడం మానేశారు. చీటీ వచ్చిందా, సూది వేసెయ్యడమే.

బాబుకి అప్పుడు రెండున్నరేళ్ళు. ఒక రాత్రంతా వాంతులు, విరేచనాలు. తెల్లారుతుండగా కళ్ళు తేలవేశాడు. మా ఆయన లైను మీద ఉన్నారు. రైల్వే ఆస్పత్రికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు. నేను పని చేసే చోటు, నా మిషన్ ఉన్న చోటు అని నర్సింగ్ హోమ్‌కే తీసుకువెళ్ళాను. అంత నమ్మకం నాకు.

పిల్లల గదిలో చోటు లేదు. ఏడో మంచం ముందు రోజు సాయంత్రం ఖాళీ అయిందట. అక్కడ పడుకోబెట్టి సెలైను పెట్టారు. అప్పటికి పొద్దున అయిదున్నరయింది. ఆరింటికి రాత్రి డ్యూటీ నర్సు చీటీ, సూది పట్టుకుని వచ్చింది. ఏడో మంచం, ఆరు గంటలు, గివ్. నేను బాబు చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. సూది వేశాక నర్సు చీటీ నా ముందు పెట్టింది. చదవకుండా సంతకం పెట్టాను. నేను తయారు చేసిన చీటీ, నా సంతకం.

పగలంతా బాబు మగతగా ఉన్నాడు. నేను ఆ రోజు సెలవు పెట్టాను. కంప్యూటర్ గదికి తాళం. తాళంచెవి డాక్టరు గారి సొరుగులో ఉంది.

సాయంత్రం పగటి డ్యూటీ నర్సు పుష్ప వచ్చింది. పుష్పది మా కాలనీయే, శ్రీకాకుళం వాళ్ళు, నాకంటే చిన్నది. చేతిలో చీటీ ఉంది, మొహం నవ్వుతోంది.

"అక్కా, ఇదేటి? నీ మిషన్‌కి పిచ్చెక్కిందేటి?"

చీటీ చూశాను. ఏడో మంచం. వేళ అయిదూ నలభై. మందు పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. "గివ్" అని ఉండవలసిన చోట "స్టాప్" అని ఉంది.

నా పట్టికలో అయిదూ నలభై అన్న వేళే లేదు. అన్నీ గంట కొట్టే వేళలే పెట్టాను. నా ప్రోగ్రాములో స్టాప్ అన్న మాట లేదు. రాయనే లేదు.

"కేస్ షీటు తీసుకురా" అన్నాను.

"ఇప్పుడు అదెందుకు..."

"తీసుకురా, పుష్పా!"

నా గొంతు విని పరిగెత్తింది. కేస్ షీటులో సెలైను ఉంది, ఒక సిరపు ఉంది. ఇంజక్షను లేదు. ఒక్కటి కూడా రాసి లేదు. నేను చూస్తుండగానే పుష్ప మొహంలో నవ్వు పోయింది. అప్పుడే వరండాలో ప్రింటరు మళ్ళీ చప్పుడు చేసింది. తనే వెళ్ళి చించి తెచ్చింది. ఏడో మంచం, ఆరు గంటలు, మందు పేరు, గివ్.

ఇరవై నిమిషాల తేడాతో వచ్చిన ఆ రెండు చీటీలూ ఇప్పుడు నా ముందు బల్ల మీదున్నాయి.

జరిగింది ఇది. ఏడో మంచంలో అంతకుముందు ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన వెళ్ళిపోయిన కబురు నాకు రాలేదు. ఆయన వరుస అలాగే ఉంది. ఆయన సూది నా బిడ్డకు వేశారు. పెద్దవాళ్ళకే లెక్క చూసి, రోజులు చూసి ఇవ్వవలసిన మందు అది. ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి, చెవులు పోతాయి. ఆ స్టాప్ చీటీ రాకపోతే రెండో సూది కూడా పడేది. ఆ మర్నాడు మూడోది.

"అక్కా, నాను ఏసీసేదాన్ని. ఒట్టు, ఏసీసేదాన్ని" అని పుష్ప గోడకి చేరబడి ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడిగాను. ఆయన రెండు చీటీలూ చూసి, బాబును చూసి వచ్చి, "ఏక్ డోస్ సే కుఛ్ నహీ హోతా" అన్నాడు. ఒక్క డోసుకు ఏమీ కాదట. ఏమీ కాదని ఆయన చెప్పినప్పుడు ఆయన చెయ్యి పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు తప్పింది. అది చూశాను.

మిషన్ దగ్గర నేను చూసినవి వరుసగా రాస్తాను. పట్టికను ఆఖరిసారి మార్చినది నాలుగు రోజుల క్రితం, మార్చింది నేనే. అందులో అయిదూ నలభైకి ఏ పనీ లేదు. ఒక్కసారి మాత్రమే జరగవలసిన పనులు వేరే చోట పెట్టుకోవచ్చు, అక్కడ వెతికాను, ఖాళీగా ఉంది. ప్రోగ్రామంతా చదివాను, స్టాప్ లేదు. మిషన్ తను చేసిన ప్రతి పనినీ ఒక చోట రాసుకుంటుంది. అక్కడ మాత్రం ఉంది. అయిదూ నలభై, ఏడో మంచం చీటీ, పని పెట్టిన వారి పేరు దగ్గర నా పేరు. ఆ వేళకి నేను బాబు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గదికి తాళం ఉంది.

ఏడో మంచం వరుస చెరిపేశాను.

వెంటనే అక్కడినుంచి వెళ్ళిపోవాలనుకున్నాను. సెలైను మధ్యలో తీస్తే పిల్లాడు తట్టుకోలేడన్నారు. మా అత్తగారిని పిలిపించాను. ఆవిడ విసనకర్ర పట్టుకుని మంచం పక్క కూర్చున్నారు. "డాక్టరొచ్చినా సరే, అడక్కుండా నా మనవణ్ణి ముట్టుకుంటే దీంతో ఒకటిచ్చుకుంటాను" అని తెలుగులో చెప్పి, అర్థం కాని వాళ్ళ కోసం హిందీలో కూడా చెప్పారు.

మర్నాడు సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ కంప్యూటర్ గదిలో కూర్చున్నాను. ఆరింటికి గివ్ చీటీ రాదని నా కళ్ళతో చూడాలి. పుష్పను పక్కన నిలబెట్టుకున్నాను. పట్టిక తెర మీద పెట్టాను. ఏడు అన్న అంకె ఎక్కడా లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

అయిదూ నలభైకి తలుపు బయట ప్రింటరు కదిలింది. పుష్ప నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. వెళ్ళి చీటీ చించాను. ఏడో మంచం, అయిదూ నలభై, స్టాప్.

ఆరింటికి ఏమీ రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బాబును ఇంటికి పంపి, నేను మాత్రం ఆగాను. ఏడో మంచం ఖాళీగా ఉంది. అయిదూ నలభై అయింది, అయిదూ యాభై అయింది. ప్రింటరు ఉలకలేదు. ఆ చీటీ మంచానికి కాదు వచ్చింది, మంచంలో ఉన్న నా బిడ్డకి.

అప్పుడు డాక్టరు గారు పిలిచారు. మిషన్ రాసుకున్నది ఆయనా చూశాడు. నా పేరు కనపడింది కదా. "కంప్యూటర్ గలతీ నహీ కర్తా మేడమ్, ఆద్మీ కర్తా హై" అన్నాడు. మిషన్ తప్పు చెయ్యదు, మనిషే చేస్తాడట. అంతటితో ఆగలేదు. స్టాప్ చీటీ నేనే ముందుగా పెట్టి ఉంటానన్నాడు. అంటే పొద్దున సూది తప్పని నాకు తెలుసు, తెలిసీ వెయ్యనిచ్చాను, తరువాత నర్సింగ్ హోమ్ పరువు తియ్యడానికి ఈ నాటకం ఆడానట. ఒక తల్లితో ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. బల్ల మీద కాయితాలు ఎగరకుండా పెట్టిన గాజు గుండు తీసి ఆయన మీదికి విసిరాను. తగలలేదు. తగలనందుకు ఇప్పటికీ చింతే.

మర్నాటినుంచి రావద్దన్నారు. వారం తిరక్కుండా మిషన్‌లో ఉన్నదంతా తుడిచేశారని విన్నాను. తను ఏమీ చూడలేదని పుష్ప కాయితం మీద సంతకం పెట్టింది. దానికి ఇంట్లో నాలుగు నోళ్ళున్నాయి. దాని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, కుదరలేదు.

కాలనీలో మాత్రం కథ తయారైపోయింది. ఏడో మంచం ముసలాయన వెళ్ళిపోయింది ఇంటికి కాదని, చనిపోయాడని, సరిగ్గా అయిదూ నలభైకి ప్రాణం పోయిందని, ఆయనే వచ్చి బాబును కాపాడాడని. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు నాకే చెప్పారు. అత్తగారు రతన్‌పూర్ వెళ్ళింది అప్పుడే. మా ఆయన కూడా, "అచ్ఛా, ఏదైతే ఏం, వాడు బాగున్నాడు కదా, వదిలెయ్" అన్నారు. కొక్కెం తీసి వదిలెయ్యడానికి అదేం రైలు పెట్టె కాదు.

ఒక ఆదివారం పుష్ప తనే వచ్చింది. "అక్కా, ఆ ముసలాయన అడ్రసు రిజిస్టర్లో ఉంది. తోర్వాలోనే ఇల్లు. ఎల్దామేటి?" అంది. తన మోపెడ్ మీద వెనక కూర్చుని వెళ్ళాను. చీటీలు చేతిసంచిలో పెట్టుకున్నాను.

ముసలాయన చనిపోలేదు. ఇంటి ముందు కుక్కిమంచంలో కూర్చుని పచ్చిబఠాణీలు ఒలుస్తున్నాడు. నమస్కారం పెట్టాను. తల ఎత్తలేదు. పుష్ప గట్టిగా పిలిచింది. ఎత్తలేదు. లోపలినుంచి కోడలు వచ్చి, "ఆయనకి ఇనపడదమ్మా, ఆస్పత్రినుంచి వచ్చిన కాడినుంచీ అంతే" అంది.

నేల మీదే కూర్చున్నాను.

ఆయన రిటైరైన గూడ్సు గార్డు. ఇంట్లో పిల్లలు హిందీయే చదువుతారు, తెలుగు రాయడం ఎవరికీ రాదు. ఆయనకు హిందీ చదవడం అంతంత మాత్రం. అందుకని వినపడడం మానేశాక ఆయనతో ఎవరూ సరిగ్గా మాట్లాడడమే లేదు. నేను సంచిలోంచి కాయితం తీసి పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాను. ఆయన చదివి, మొహం విప్పార్చి, "ఓలమ్మ, తెలుగు రాస్తున్నావే!" అన్నాడు, వీధంతా వినపడేలా.

మీకు ఇంజక్షన్లు ఎన్ని రోజులు వేశారని రాశాను.

"పదకొండు దినాలు. ఉన్నన్నాళ్ళూ, పొద్దునా మాపూ."

పుష్ప నా వైపు చూడలేదు. ఆయన కేస్ షీటు తను అప్పటికే తీసి చూసింది. అయిదు రోజులని రాసి ఉంది. అయిదో రోజున ఆపమని నాకు ఎవరూ చెప్పలేదు. నా నక్షత్రం గుర్తు "ప్రతి రోజూ" అంటూనే ఉంది.

చెవులు ఎప్పటినుంచి అని రాశాను.

"ఏడో దినం నుంచే ఇంజను కూతలాగ మోత. చెప్పీనాను. వయసు తాతా అన్నారు." నవ్వాడు. "మళ్ళీ కాయితం వచ్చీది. సంతకం పెట్టీసి చెయ్యి చాపీసీవోణ్ణి. ముప్ఫై ఏళ్ళు అదే కదమ్మా చేసినాను. కాల్ వచ్చిందంటే ఎల్డమే, ఎందుకు ఏటి అని అడుగుతామేటి?"

అప్పుడు మొత్తం రాశాను. చీటీలు తయారు చేసింది నేనేనని రాశాను. ఆయన వెళ్ళాక ఆ మంచంలోనే నా కొడుకును పడుకోబెట్టారని, వాడికి స్టాప్ చీటీ వచ్చిందని రాశాను. రెండు కాయితాలు నిండాయి. ఆయన వేలు పెట్టి ఒక్కో వరుస చదివాడు. స్టాప్ చీటీ ఇస్తే, వెలుతురుకి పెట్టి ముందూ వెనకా చూశాడు. ఇంగ్లీషు ఆయనకు వచ్చు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీ గుంటడు బావున్నాడా?"

తల ఊపాను.

"మంచిదే." ఈసారి గొంతు తగ్గించాననుకున్నాడు, కాని పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు. "మరి నాకెందుకు రానేదమ్మా ఈ కాయితం? నానూ ఆ మంచమే కదా."

ఆయనకు కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మిషన్ నడిపినదాన్ని కదా, నాకు తెలిసి ఉంటుందనుకున్నాడు.

"తెలీదు" అని రాశాను. ఆయన చదివి, ఆ కాయితం కింద పెట్టి, మళ్ళీ బఠాణీలు ఒలవడం మొదలుపెట్టాడు.

ఆ చీటీ ఎవరు పంపారో నాకు తెలియదు. ఎలా వచ్చిందో చెప్పలేను. కంప్యూటర్లు బాగా తెలిసిన ఒకరిద్దరికి ఉత్తరాలు రాశాను, వాళ్ళూ చెప్పలేకపోయారు. వచ్చినందుకు దణ్ణం పెట్టమని అందరూ అంటారు. నేను పెట్టను. నా బిడ్డ మొదటి సూదికీ రెండో సూదికీ మధ్య అడ్డుపడడం తెలిసినది ఏదైనా సరే, అక్కర్లేని ఆ ఆరు రోజులూ, రోజుకు రెండుసార్లు, ఆ పెద్దాయన సంతకం పెట్టి చెయ్యి చాపుతుంటే అక్కడే ఉండి ఉంటుంది. చూస్తూ ఊరుకుంది. డాక్టరును క్షమించనట్టే దాన్ని కూడా నేను క్షమించలేను.